మిలట్రీ నుంచి ఇంటికొచ్చిన మనిషి, ఆయన రాజకీయం

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది టెక్కలి దగ్గర ఊరు. నాన్నగారు 22 ఏళ్లు ఆర్టిలరీలో చేసి మూడేళ్ల కిందట ఇంటికొచ్చేశారు. వచ్చినప్పట్నుంచీ హిందీ వార్తల చానెల్ పెద్ద సౌండుతో పెట్టుకుని కూర్చుంటున్నారు. ఊళ్లో నలుగురితో కలవడం లేదు. దేని గురించి మాట్లాడినా "ఈ దేశానికి మిలట్రీ పాలనే మందు" అంటున్నారు. మీ అమ్మగారు ఓటేసిన పార్టీ పేరెత్తితే అన్నం ముందు నుంచి లేచిపోతున్నారు. "ఆర్మీ అందర్నీ ఇలాగే తయారుచేస్తుందా, మా నాన్న ముందునుంచీ ఇంతేనా?" అని అడిగావు.

నేను 1990 జనవరి నుంచి 2014 జనవరి దాకా 24 ఏళ్లు ఆర్టిలరీలోనే, అంటే ఫిరంగుల దళంలో, ఒక మీడియం రెజిమెంట్‌లో గన్నర్‌ని, హవల్దార్‌గా దిగాను. సోంపేట వైపు ఉద్దానం మాది. ఊరికొచ్చాక చుట్టుపక్కల మాజీ సైనికుల పింఛను కాగితాలు చూసిపెడుతున్నాను. స్పర్శ్‌లో, అంటే రక్షణశాఖ పింఛను వెబ్‌సైట్‌లో, లైఫ్ సర్టిఫికెట్టు ఎక్కించడం, డిశ్చార్జి బుక్కులో తప్పుపడిన పుట్టినతేదీ సరిచేయించడం, ఆయన పోయాక ఆవిడకి ఫ్యామిలీ పెన్షన్ పెట్టించడం, ఇవీ పనులు. ఆ పనిమీద ఎన్నో ఇళ్లలో కూర్చుని టీ తాగాను. మీ ఇంటి సంగతి నాకు కొత్త కాదు. మా ఇల్లే నాలుగేళ్లు అలా ఉంది.

ఆర్మీ నుంచి వచ్చినవాడంటే ఫలానా పార్టీవాడే అని ఎవరన్నా అంటే నమ్మకు. మా ఊళ్లో పదిహేను మందిమి ఉన్నాం, అన్ని జెండాల కిందా ఉన్నాం. మా అందరిలోనూ ఒకేలా ఉన్నది ఒకటే, ఒక కొలత. అడిగినదానికి జవాబు రావాలి. చెప్పిన పని చెప్పిన టైముకి జరగాలి. చేసిన పనికి తగ్గ మర్యాద దక్కాలి. ఇరవై ఏళ్లు ఆ కొలతలో బతికి, దాన్ని పట్టుకుని ఊరికొస్తాం. ఊళ్లో ఏదీ దానికి సరిపోదు. మా రాజకీయం పుట్టేది అక్కడే. అది ఏ వైపు తిరుగుతుందన్నది, ఊళ్లో ఆ మనిషికి ఏం ఎదురైందన్న దాన్ని బట్టి ఉంటుంది.

ముందునుంచీ ఇంతేనా అన్నావు కదా, అందులో కొంత నిజం ఉంది. ఆర్మీకి వెళ్లే కుర్రాడు మామూలుగా ఏ ఇంట్లోంచి వెళ్తాడు? చిన్నాన్నో మేనమామో అప్పటికే యూనిఫాంలో ఉన్న ఇంట్లోంచి. తెల్లవారి నాలుగింటికే లేచి బీచి రోడ్డు మీద పరిగెత్తేవాడు, 1,600 మీటర్లు అయిదున్నర నిమిషాల్లో కొట్టి 60 మార్కులు, పది పుల్‌అప్స్ లాగి 40 మార్కులు తెచ్చుకోవాలని ఏడాది ఏడాదంతా ఒళ్లు వంచేవాడు, వాడు పద్ధతి మీద నమ్మకం ఉన్నవాడే అయ్యుంటాడు. పద్ధతంటే గిట్టనివాడు ఆ గ్రౌండుకే రాడు. కానీ దేశం మీద ప్రేమతో వెళ్లాడని మాత్రం అనుకోకు. నేను వెళ్లింది జీతం కోసం. రెండెకరాల జీడితోట, పెళ్లి కావాల్సిన ఇద్దరు చెల్లెళ్లు, అదీ కారణం. దేశం తర్వాత వచ్చింది. గన్ను దగ్గర నా పక్కన గుండు మోసినవాడి మొహంలోంచి వచ్చింది.

ఇక పేరు సంగతి. మనవైపు ఊళ్లో కొత్త కుర్రాడు కనబడితే మొదటి మాట "ఏ ఇంటోళ్ల గుంటడివిరా?" అని. ఇంటిపేరు చెబితే చాలు, కులం, పొలం, తాత చేసిన అప్పు, అన్నీ ఎదుటివాడికి తెలిసిపోతాయి. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో మొదటిరోజు జుట్టు తీసేశారు, నంబరు ఇచ్చారు. ఆ తర్వాత రెజిమెంట్‌లో నేను "ఆంధ్రా". ఇంటిపేరుతో ఎవరికీ పనిలేదు. కులం పేరుతోనూ ప్రాంతం పేరుతోనూ రెజిమెంట్లు ఇప్పటికీ ఉన్న సైన్యం మనది, ఆ మాట దాచను. కానీ మా రెజిమెంట్‌లో దేశం నలుమూలలవాళ్లూ ఉండేవారు. లంగర్‌లో, అంటే మా వంటశాలలో, ఒకే దేగిశాలోంచి దాల్ పోసుకున్నాం. సర్వధర్మ స్థల్‌లో ఒకే కప్పు కింద అన్ని మతాల దేవుళ్లకీ దండం పెట్టాం. అన్నిటికంటే ముఖ్యం, నా విలువ నా చేతి పనిని బట్టి ఉండేది. గన్ను సరిగ్గా లే చేస్తానా, అంటే గురికి తిప్పి పెడతానా లేదా, అంతే.

బీహార్‌లో ఆరా వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, మా బ్యాటరీలో (రెజిమెంట్‌లో మా విభాగం) సుబేదార్, నన్నొకసారి పిలిచి "మా తాతలు సిపాయిని తిలంగా అనేవారు, అది మీ మాటేనయ్యా" అన్నాడు. అప్పుడు అర్థం కాలేదు, తర్వాత తెలుసుకున్నాను. 18వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ మద్రాసు వైపు నుంచి బెంగాల్‌కి తీసుకెళ్లిన సిపాయిల్లో తెలుగువాళ్లు చాలామంది. ఆ మీదట ఉత్తరాదిలో ఎవడు ఎర్రకోటు తొడుక్కున్నా "తిలంగా" అయిపోయాడు. 1857లో ఢిల్లీలో తిరగబడిన సిపాయిల్నీ ఆ పేరుతోనే పిలిచారు. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్లు "యుద్ధజాతులు" అని ఒక సిద్ధాంతం తయారుచేసి భర్తీ చాలావరకు పంజాబ్ వైపు తిప్పేశారు, మనవాళ్లు వెనక్కి పోయారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ నాన్నగారు అక్కడ తన పేరు ఒకటి సంపాదించుకున్నారు. ఆ పేరు ఆయన ఇంటిపేరు కంటే పెద్దది. దాన్ని రైల్లో వదిలేసి ఊళ్లో దిగాల్సి వచ్చింది.

నా సంగతే చెబుతాను. సెలవుకొచ్చినప్పుడల్లా పలాస స్టేషన్లో నల్ల ట్రంకుపెట్టె దించుకుని ఊళ్లోకొస్తే, కనబడిన ప్రతివాడూ "ఏట్రా, ఎప్పుడొచ్చినావు? ఎన్నాళ్లు సెలవు?" అనేవారు. పెట్టె మీద తెల్లపెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ రాసి ఉండేవి. పిల్లలు వేలుపెట్టి ఆ అక్షరాలు చదివేవారు. 2014లో చివరిసారి అదే పెట్టెతో దిగాను. రెండు నెలలయ్యాక రామమందిరం అరుగు మీద ఒక ముసలాయన అడిగాడు, "ఇంక ఎల్లవేటి?" ఆ మాటలో తప్పేం లేదు. కానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు. మూడో నెలకి ఊరు నన్ను మళ్లీ ఇంటిపేరుతో పిలవడం మొదలెట్టింది.

నాతోబాటు చేసిన దళిత మిత్రుడు ఒకడున్నాడు, పక్క మండలం. యూనిట్‌లో వాడు గన్నుకి నంబర్ వన్, అంటే ఆ గన్ను మీద పనిచేసే అందరికీ వాడి మాటే ఆర్డరు. వాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు. ఊరికొచ్చాక అరుగు మీద కూర్చోవాలంటే వాడు చుట్టూ చూసుకోవాల్సి వచ్చింది. గ్రాట్యుటీ డబ్బులోంచి కొంత తీసి పేటలో అంబేద్కర్ విగ్రహం పెట్టించాడు. బాబాసాహెబ్ 1891 ఏప్రిల్ 14న పుట్టింది మౌ కంటోన్మెంట్‌లోనే, ఆయన తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదార్, ఆ సంగతి వాడు ప్రతి జయంతికీ పిల్లలకి చెబుతాడు. చూడమ్మా, మీ నాన్నగారిదీ వాడిదీ ఒకే యూనిఫాం, ఒకే కొలత. మీ నాన్నగారు మిలట్రీ పాలన అంటున్నారు, వాడు రాజ్యాంగం అంటున్నాడు. తేడా ఊళ్లో ఎదురైనదాన్ని బట్టి వచ్చింది.

మీ నాన్నగారు వాదించలేరని, అరుస్తారని రాశావు. దానికీ కారణం ఉంది. రాజ్యాంగంలో 33వ అధికరణం ప్రకారం సైన్యంలో ఉన్నవాళ్ల ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు తగ్గించవచ్చు. ఆర్మీ యాక్టు 1950లో సెక్షన్ 21, దాని కింద పెట్టిన రూల్సు ఆ పనే చేశాయి. రాజకీయ సభకి పోకూడదు, పార్టీకి పనిచేయకూడదు, అనుమతి లేకుండా సంఘం పెట్టకూడదు, పేపరుకి రాయకూడదు. ఆ రూలు మంచిదని ఇప్పటికీ అంటాను, తుపాకి చేతిలో ఉన్నవాడు జెండా పట్టుకుంటే ఏమవుతుందో పక్క దేశాల్లో చూశాం. అయితే దాని ఫలితం ఒకటుంది. పద్దెనిమిదేళ్లకి వెళ్లి నలభై దాటాక వచ్చిన మనిషి, టీ కొట్టు దగ్గర ఎదుటివాడితో రాజకీయం వాదించి, ఓడిపోయి, మర్నాడు మళ్లీ నవ్వుతూ పలకరించడం అనే విద్య నేర్చుకోలేదు. మీ ఊళ్లో మిగతావాళ్లంతా ఇరవయ్యేళ్లుగా అది సాధన చేశారు. ఆయనకి తెలిసిన మాటతీరు ఆర్డరు, బ్రీఫింగు, రిపోర్టు. ఎదురు చెబితే ఆజ్ఞ ధిక్కరించినట్టే అనిపిస్తుంది. కొన్నాళ్లు అది నాకూ అనిపించింది.

ఇక "మిలట్రీ పాలన". ఈ మాట నేను విన్న ప్రతి ఇంట్లోనూ వెనక్కి లాగితే ఒక ఫైలు దొరికింది. మాకు సైనిక్ సమ్మేళన్ ఉండేది, దర్బార్ అనేవాళ్లం. కమాండింగ్ ఆఫీసరు ముందు జవాను లేచి నిలబడి "సాబ్, ఏక్ పాయింట్ హై" అనొచ్చు. నీళ్ల ట్యాంకు లీకవుతుందనో, క్వార్టర్ల కేటాయింపు ఆలస్యమవుతుందనో చెబితే, సంబంధించిన సాబ్ అందరి ముందూ జవాబు చెప్పాలి. పని కాకపోతే ఎందుకు కాదో చెప్పాలి. అలా బతికినవాణ్ణి తీసుకొచ్చి ఒక ఆఫీసు వరండాలో నిలబెట్టు. నాకు సర్వీసులో ఉండగానే సైనికుల కోటాలో ఇచ్చిన డీ పట్టా భూమి ఉంది. సైనికుడికి ఇచ్చిన భూమి పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చు, ఆ వీలు ప్రభుత్వమే ఇచ్చింది. చెల్లెలి ఆపరేషన్‌కి అమ్ముదామనుకుంటే అది నిషేధిత జాబితాలో, 22ఏలో ఉందన్నారు. తీయించడానికి మూడేళ్లు తిరిగాను. "రేపు రండి" అన్న మాట ఆర్డరు అనుకుని నేను నిజంగానే మర్నాడు పది గంటలకి వెళ్లి నిలబడేవాణ్ణి. సోమవారం గ్రీవెన్సుకి కలెక్టరేట్‌కి ఎన్నిసార్లు వెళ్లానో, ఆ రసీదులన్నీ ఇప్పటికీ పెట్టెలో ఉన్నాయి. ఆ మూడేళ్లలో నేనూ అన్నాను, ఈ దేశానికి మిలట్రీ పాలనే కావాలని. భూమి జాబితాలోంచి బయటికొచ్చిన వారం నుంచీ ఆ మాట మళ్లీ నా నోట రాలేదు. మీ నాన్నగారి ఫైలు ఏదో కనుక్కో.

ఆ మాట మీద ఆయనతో మాట్లాడాలంటే ఒక దారి చెబుతాను. 1999 కార్గిల్ యుద్ధంలో మేం ద్రాస్‌లో ఉన్నాం. జూన్ 13న తోలోలింగ్, జూలై 4న టైగర్ హిల్, జూలై 26కి యుద్ధం అయిపోయింది. మన దేశం 527 మందిని పోగొట్టుకుంది. సరిగ్గా రెండున్నర నెలలకి, అక్టోబరు 12న, అవతలి, అంటే పాకిస్తాన్, సైన్యాధిపతి ముషారఫ్ తన సొంత ప్రభుత్వాన్నే దించేసి కుర్చీ ఎక్కాడు. ఆ రోజు రేడియో విని మా సీనియర్ జేసీవో సాబ్ (సుబేదార్ స్థాయి అధికారి) ఏమీ వ్యాఖ్యానించలేదు, "కసమ్ పరేడ్ గుర్తుందా?" అని మాత్రం అడిగాడు. ట్రైనింగ్ పూర్తయినరోజు జెండా ముందు, మతగ్రంథాల ముందు నిలబడి ప్రమాణం చేస్తాం. చట్టం ద్వారా ఏర్పడిన భారత రాజ్యాంగానికి నిజాయితీగా కట్టుబడి ఉంటానని. ఏ ప్రధానమంత్రికీ కాదు, ఏ జనరల్‌కీ కాదు. మీ నాన్నగారూ ఆ మాటలు నోటితో పలికారు. ఆయన్ని కోపంగా కాకుండా, తెలుసుకోవాలన్నట్టు అడుగు, "నాన్నా, కసమ్ పరేడ్‌లో ఏమని ప్రమాణం చేశారు?" అని.

యుద్ధం కావాలని టీవీలో అరిచేవాళ్ల సంగతీ రాశావు. యుద్ధం దగ్గర్నుంచి చూసినవాళ్లలో ఆ కేక తక్కువ. నేను చూసినంతలో ఇది దాదాపు తప్పదు. బోఫోర్స్ ఫిరంగి గుండు ఒక్కోటి 40 కిలోల పైన. రాత్రంతా ఒక చేతినుంచి ఇంకో చేతికి అందుకుంటూ పోతే తెల్లారేసరికి అరచేతుల్లో చర్మం మిగలదు. కార్గిల్‌లో మన ఆర్టిలరీ రెండున్నర లక్షల పైగా గుండ్లు, రాకెట్లు పేల్చింది. అవి ఎక్కడ పడ్డాయో మేం చూడలేదు, వైర్‌లెస్‌లో "టార్గెట్" అని వినేవాళ్లం. యుద్ధం అయ్యాక ఆ కొండ ఎక్కి చూసినవాళ్లు దాని గురించి ఊళ్లో మాట్లాడరు. మాట్లాడకపోతే జనం పొగరనుకుంటారు. అది పొగరు కాదు తల్లీ.

టీవీ సౌండు గురించి కూడా ఒక్కమాట. గన్నర్ల చెవులు చాలామందికి పోతాయి. నాకు ఎడమ చెవి సగమే వినిపిస్తుంది. నలుగురు కూర్చున్న చోట మాటలు కలిసిపోయి గందరగోళంగా ఉంటాయి, ఏదో ఒకటి అందామంటే తప్పు జవాబు వస్తుంది, జనం నవ్వుతారు. దాంతో అరుగు మీదకి వెళ్లడం మానేస్తాడు. టీవీ అయితే సౌండు పెంచుకోవచ్చు. మీ నాన్నగారు మారిపోయారని మీరు అనుకుంటున్నదాంట్లో ఎంత భాగం చెవిదో ఎవరైనా చూశారా?

ఇప్పుడు మీ అమ్మగారి ఓటు. దీని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు మాత్రం ఇదే అసలు సంగతి అనిపిస్తుంది. ఫౌజీ ఇంట్లో రెండు రాజకీయాలు పెరుగుతాయి. ఆయన ఇరవై ఏళ్లు హిందీలో బతికాడు. స్నేహితులు హర్యానాలో, బీహార్‌లో, మహారాష్ట్రలో ఉన్నారు. ఇంటికొచ్చాక కూడా ఆయన వార్తలు ఆ పల్టన్ (పాత యూనిట్) వాట్సాప్ గ్రూపులోంచే వస్తాయి. సరిహద్దు, ఢిల్లీ, పాకిస్తాన్, పే కమిషన్. ఆమె ఆ ఇరవై ఏళ్లూ ఇక్కడుంది. రేషన్ కార్డు కోసం ఎవరి దగ్గరికెళ్లాలో, డ్వాక్రా సంఘంలో లోను ఎవరు ఇప్పిస్తారో, జీడిపిక్కల బస్తా ఏ రేటుకి పోతుందో, డయాలసిస్‌కి వెళ్లే తమ్ముడికి ఏ పథకం వర్తిస్తుందో ఆమెకి తెలుసు. ఆమెకి ఓటంటే అవి. ఆయనకి ఓటంటే దేశం. ఆమె ఓటు అమ్ముడుపోయిందని ఆయన అనుకుంటాడు, ఆయనకి ఇల్లు తెలీదని ఆమె అనుకుంటుంది.

మా ఇంట్లో ఇది బయటపడింది 2014 మే 7న. నా వయసు 43. అప్పటిదాకా నేను సర్వీసు ఓటరుని, పేరు జాబితా చివరి భాగంలో ఉండేది. పోస్టల్ బ్యాలెట్టు కొన్నిసార్లు వచ్చేది, ఎక్కువసార్లు కౌంటింగ్ అయిపోయాక వచ్చేది. 2016 తర్వాత బ్యాలెట్టు ఆన్‌లైన్లో పంపడం మొదలైంది, మా కాలంలో అదీ లేదు. అందుకని ఊరి బడిలో లైన్లో నిలబడి ఓటేయడం జీవితంలో అదే మొదటిసారి. ముందురోజు రాత్రే బట్టలు ఇస్త్రీ చేసుకున్నాను. ఆ రాత్రే ఒక పార్టీ మనిషి గడప దగ్గరకొచ్చి, ఇంట్లో రెండు ఓట్లకి అని, రెండు 500 నోట్లు మడిచి నా చేతిలో పెట్టబోయాడు. నేను వాడి మీద చెయ్యెత్తాను. మా ఆవిడ మధ్యలోకొచ్చింది. వాడు వెళ్లిపోయాక ఆమె అన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది: "వాడి డబ్బు నేనూ తీసుకోను. కానీ మీ నాన్నకి పక్షవాతం వచ్చిన రాత్రి శ్రీకాకుళం తీసుకెళ్లడానికి కారు తెచ్చింది వాడే. మీరు అప్పుడు జమ్మూలో ఉన్నారు." ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మీ అమ్మగారి దగ్గర కూడా ఇలాంటి రాత్రి ఒకటి ఉండే ఉంటుంది. నాన్నగారికి ఎప్పుడూ చెప్పి ఉండరు. సెలవు నెలరోజుల్లో అలాంటివి చెప్పుకోరు కదా.

యూనిఫాంలో ఉన్నవాడికి సొంత ఊరితో తగువు పడిన రోజులూ ఉన్నాయి. 2010 జూలై 14న సోంపేట బీల దగ్గర థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. మేం అప్పుడు పంజాబ్‌లో ఉన్నాం. ఫోన్లో మా అత్త ఏడుస్తోంది, వాళ్ల ఊరివాళ్లంతా ఆ గుంపులో ఉన్నారు. నేను యూనిఫాంలో నిలబడి వింటున్నాను. అంతకుముందు "చట్టాన్ని చేతిలోకి తీసుకుంటే అంతే" అని ఎన్నిసార్లు అన్నానో! మా చిన్నప్పుడు పెద్దవాళ్లు 1967 నాటి లేవిడి కాల్పుల గురించి, ఆ తర్వాత కొండల్లో రేగిన గిరిజన పోరాటం గురించి గొంతు తగ్గించి చెప్పుకునేవారు. ఉద్దానంలో అమరుల స్థూపం ఉన్న బొడ్డపాడూ ఉంది, ఇంటికో జవాను ఉన్న వీధులూ ఉన్నాయి. నీళ్ల కోసం, నేల కోసం నిలబడ్డవాడిని దేశద్రోహి అని ఎవరైనా పల్టన్ గ్రూపులో రాస్తే ఆ రోజునుంచీ నేను ఊరుకోను.

పింఛను రాజకీయం గురించి ఎక్కువ రాయను, మీ నాన్నగారికి కంఠతా వచ్చే ఉంటుంది. 1973లో మూడో పే కమిషన్ తర్వాత మొదలైన బాధ అది. 2015 జూన్‌లో జంతర్ మంతర్ దగ్గర మాజీ సైనికులు కూర్చున్నారు, నవంబరు 7న వన్ ర్యాంక్ వన్ పెన్షన్ ఉత్తర్వు వచ్చింది, 2014 జూలై 1 నుంచి లెక్కకట్టారు. జీవితంలో ధర్నా ఎరగని ముసలి సుబేదార్లు మెడల్స్ పెట్టుకుని రోడ్డు మీద కూర్చోవడం అప్పుడే చూశాం. దానితోపాటు జవాను, ఆఫీసరు ఒకటి కాదన్న సంగతీ బయటికొచ్చింది. మిలటరీ సర్వీస్ పే ఏడో పే కమిషన్‌లో ఆఫీసరుకి 15,500, జవానుకి 5,200. విజయనగరం పక్కన కోరుకొండ సైనిక్ స్కూల్ 1962 నుంచీ ఉంది, గల్వాన్‌లో 2020 జూన్ 15న ప్రాణమిచ్చిన కల్నల్ సంతోష్ బాబు చదివింది అక్కడే. అలాంటి ఆఫీసరు కోసం ప్రాణం పెట్టే జవాన్లు ఎందరో ఉన్నారు. అయినా రిటైరయ్యాక ఇద్దరి బతుకూ ఒకటి కాదు. "మాజీ సైనికుల అభిప్రాయం" అని టీవీలో కూర్చునేది ఎక్కువగా జనరల్స్. మా అరుగు మీద మాట అక్కడికి చేరదు.

2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు. నాలుగేళ్ల సర్వీసు, వందలో పాతికమందికే ఆపైన కొనసాగింపు, బయటికొచ్చేవాడికి 11.71 లక్షల సేవా నిధి, పింఛను లేదు. కరోనాకి ముందూ మధ్యలోనూ ఫిజికల్, మెడికల్ పాసై రాతపరీక్ష కోసం కూర్చున్న కుర్రాళ్ల భర్తీ మొత్తం రద్దయింది. అంతదాకా ఢిల్లీ ఏం చేసినా సరే అన్న నా తోటివాళ్లు, తమ కొడుకు వయసు దాటిపోవడం చూసి మాట మార్చారు. వాళ్లని నేను తప్పుపట్టను. ఇంటికొచ్చే పింఛనుతో ఒక తరం మా వైపు పక్కా ఇల్లు కట్టుకుంది, పిల్లల్ని చదివించింది. నాలుగేళ్లకి వెనక్కొచ్చే ఇరవై మూడేళ్ల కుర్రాడికి ఊరు ఏ పేరు పెడుతుందో నాకు చాలా దిగులుగా ఉంది.

రాజకీయాల్లోకి దిగుదామనుకునేవాళ్ళూ ఉంటారు. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో నా మిత్రుడు సర్పంచ్‌గా నిలబడ్డాడు. డబ్బు పంచను, మందు పోయించను, పనిచేస్తాను అన్నాడు. ఓడిపోయాడు. మనసు విరిగి ఆరునెలలు ఇంట్లోంచి బయటికి రాలేదు. మన మొదటి భారతీయ సైన్యాధిపతి కరియప్పగారే 1971లో బొంబాయిలో లోక్‌సభకి పోటీచేసి ఓడిపోయారని చెప్పాను. కొంచెం తేరుకున్నాడు. వాడు ఓడింది నిజాయితీ వల్ల అని ఊళ్లో అంటారు, నేనలా అనుకోను. ఇరవై నాలుగేళ్లు ఊళ్లో లేనివాడు ఎన్నికలప్పుడు వచ్చి ఓటడిగాడు. ఎవరి చావుకీ, ఎవరి పెళ్లికీ అప్పటిదాకా కనబడలేదు. జనం కొలత కూడా ఒకటుంటుంది.

నేను మళ్లీ ఊళ్లో మనిషినైంది 2018 అక్టోబరు 11న. తిత్లీ తుపాను ఆ తెల్లవారుజామున తీరం దాటింది. తెల్లారేసరికి మా ఊరి కొబ్బరితోటలు, జీడితోటలు నేలమట్టం. రోడ్డుకి అడ్డంగా చెట్లే చెట్లు, కరెంటు లేదు, ఫోను లేదు, గుక్కెడు నీళ్లు లేవు. ఎవరూ పిలవకుండానే మేం ఎనిమిదిమంది ఎక్స్‌సర్వీస్‌మెన్ గొడ్డళ్లు, రంపాలు పట్టుకుని రామమందిరం దగ్గర ఫాలిన్ అయ్యాం, అంటే వరసకట్టి నిలబడ్డాం. రోడ్డుని మూడు ముక్కలుగా పంచుకుని కొట్టుకుంటూ పోయాం. మధ్యాహ్నానికి కుర్రాళ్లు కలిశారు. నీళ్ల ట్యాంకరు వచ్చేసరికి వీధివారీగా లైను పెట్టించాం, ముసలివాళ్లు ముందు, తర్వాత పసిపిల్లల తల్లులు. ఏ కులం వీధి ముందు అన్నది ఆ నాలుగు రోజులూ ఎవరూ అడగలేదు. మా ఆవిడ ఏ ఇంట్లో ఎవరికి ఏ మందు కావాలో జాబితా రాసి ఇచ్చింది, ఆ జాబితా నాకు తెలీదు, ఊరు తెలిసినది ఆమెకే. అయిదో రోజు పొద్దున్న, "ఇంక ఎల్లవేటి?" అన్న ఆ ముసలాయనే నన్ను "హవల్దారూ, ఇలా రా" అని పిలిచాడు.

మీ నాన్నగారితో పార్టీ గురించి కొన్నాళ్లు మాట్లాడకు. మీ ఊరి గ్రౌండులో ఆర్మీకి పరిగెత్తే పిల్లలు ఉండే ఉంటారు, వాళ్లకి పుల్‌అప్స్ నేర్పమని అడిగించు. నువ్వు అడిగితే కాదంటారు, ఆ పిల్లల చేత అడిగించు. చుట్టుపక్కల ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోయిన ముసలమ్మలు ఎవరైనా ఉంటే ఆ కాగితాలు ఆయన చేతికి అందించు, అక్కడ ఆయనకి తెలిసిన భాషలో పని ఉంటుంది. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం, రోజుల తరబడి మాట్లాడకపోవడం, తాగుడు పెరగడం లాంటివి ఉంటే అది రాజకీయం సంగతి కాదు, డాక్టరు సంగతి. ఈసీహెచ్‌ఎస్‌లో (మాజీ సైనికుల వైద్య పథకం) చూపించవచ్చు, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. అమ్మగారిని మాత్రం, ఆ ఇరవై రెండేళ్లలో ఆయన లేని రాత్రుల్లో ఒక్కటైనా ఆయనకి చెప్పమను.

ఈ వారంలోనే చెవి పరీక్షకి తీసుకెళ్లు. ఈసీహెచ్‌ఎస్ కార్డు, డిశ్చార్జి బుక్కు వెంట ఉంచుకో. బుక్కు ఎక్కడుందో తెలియకపోతే ట్రంకుపెట్టె అడుగున, మడతపెట్టిన యూనిఫాం కింద చూడు. మాలో చాలామంది అక్కడే దాస్తాం.